నేను పెట్టిన సంతకం

కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పనిచేస్తున్నప్పుడు నన్ను అక్కడి అంతర్గత ఫిర్యాదుల కమిటీలో వేశారు. ఎందుకు వేశారో నాకు తెలుసు. కమిటీలో కనీసం సగం మంది స్త్రీలుండాలని చట్టం చెప్తుంది. లెక్కకి ఒక ఆడమనిషి తక్కువైంది. పైగా నేను స్త్రీల కథల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. నోటీసు బోర్డు మీద నా పేరు బాగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే నేనూ సంతోషపడ్డాను. ఇన్నాళ్ళూ కథల్లో చదివి వ్యాసాలు రాసుకున్న విషయాల్లో ఏదో ఒకటి చెయ్యగల చోట కూర్చున్నాననుకున్నాను.

నేనున్న ఏడాదిన్నరలో మా ముందుకి వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. ఔట్‌సోర్సింగ్ మీద ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసే ఒకామె రాసింది. నాలుగు పేజీలు, తన చేత్తో రాసింది. ఆమె పై అధికారి అందరి ముందూ ఫైలు నేల మీదకి విసిరి "ఏరుకో" అన్నాడు. బిడ్డకి జ్వరమని సెలవడిగితే "అయితే ఇంట్లోనే ఉండి అంట్లు తోముకో" అన్నాడు. సాయంత్రం అయిదు దాటాక పని ఇచ్చి పొద్దున్నకల్లా కావాలనేవాడు. రాత్రి పదింటికి ఫోను చేసేవాడు. "నీలాంటివాళ్ళు వంద మంది దొరుకుతారు" అన్న మాట ఆ నాలుగు పేజీల్లో అయిదు సార్లుంది. చివర్న తన సంగతి రాసుకుంది. రాత్రి ఫోను మోగితే గుండె దడ వస్తోందనీ, పొద్దున్న బస్సు దిగి గేటు దాకా వచ్చేసరికి కడుపులో తిప్పుతోందనీ, ఇలా ఎన్నాళ్ళు చెయ్యగలనో తెలియడం లేదనీ.

మా కమిటీ అధ్యక్షురాలు సీనియర్ ప్రొఫెసర్. మంచావిడే. ఆమెని పిలిచి అడిగిందల్లా ఇంతే: "ఆయన ఎప్పుడైనా మీ మీద చెయ్యి వేశారా? అసభ్యంగా ఏమన్నా అన్నారా?"

"లేదు మేడమ్" అందామె.

ఆ మాట వినగానే గదిలో అందరం కాస్త తేలికపడ్డాం. నేను కూడా. ఆ సంగతి దాచి ఈ వ్యాసం రాయలేను.

నివేదిక పావుగంటలో తయారైంది. అసలు విషయం రెండు వాక్యాలు. మొదటిది: ఫిర్యాదులో లైంగిక వేధింపుల అంశం లేనందున ఇది ఈ కమిటీ పరిధిలోకి రాదు. రెండోది: ఫిర్యాదుదారు మానసిక ఒత్తిడికి లోనై ఉన్నట్టు కనబడుతున్నందున ఆమె కౌన్సెలింగ్ తీసుకోవలసిందిగా సూచించడమైనది. కింద అయిదు సంతకాలు. నాలుగోది నాది. ఆ నెలాఖరుకి ఆమె ఉద్యోగం మానేసింది.

చట్టం దృష్టితో చూస్తే మొదటి వాక్యంలో పెద్ద తప్పు పట్టలేం. నన్ను ఇన్నాళ్ళూ వదలకుండా పట్టుకున్నది రెండో వాక్యం. అది దయగా రాసినట్టే ఉంటుంది. కానీ ఆమె నాలుగు పేజీల్లోనూ రాసింది పని గురించి. మేం జవాబు రాసింది ఆమె మనసు గురించి. విసిరిన ఫైలు, రాత్రి పదింటి ఫోను, ఇవ్వని సెలవు, అన్నీ ఆ వాక్యంలో మాయమైపోయాయి. మిగిలింది బలహీనమైన మనసున్న ఒక ఆడమనిషి. ఒకరికి జరిగిన హానిని ఆ మనిషి లోపంగా మార్చి రాయడం అబద్ధం చెప్పడం కాదా? పైగా ఒక భద్రతా కమిటీ పేరుతో?

*

మన చట్టాల్లో పనిచోట భద్రత గురించి మాట్లాడే కమిటీలు ముఖ్యంగా రెండు రకాలు. ఈ రెండూ మనకి ఊరికే రాలేదు. ఒక్కోదాని వెనకా ఒక్కో ఘోరం ఉంది.

1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేల మందిని చంపాక, 1987లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి కొన్ని సెక్షన్లు చేర్చారు. ప్రమాదకరమైన పనులు జరిగే ఫ్యాక్టరీల్లో యాజమాన్యం నుంచీ కార్మికుల నుంచీ సమాన సంఖ్యలో ప్రతినిధులతో భద్రతా కమిటీ ఉండాలని 41-జి చెప్పింది. దాని పక్కనే ఉన్న 41-హెచ్ నాకు ఇంకా ఇష్టం. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ముంచుకొస్తోందని కార్మికులకి సహేతుకమైన భయం కలిగితే, నేరుగా గానీ కమిటీలోని తమ ప్రతినిధుల ద్వారా గానీ ఆ సంగతి యాజమాన్యానికి చెప్పవచ్చంటుంది. అంటే ప్రమాదం జరిగిపోయాక శవాల్ని లెక్కపెట్టడం కాదు, జరగకముందే పనిచేసే మనిషి భయాన్ని సాక్ష్యంగా తీసుకోమంటోంది. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ భద్రతా కమిటీ ఉంది. కానీ ఈ కమిటీలు చూసేది యంత్రాల్నీ రసాయనాల్నీ ఎత్తుల్నీ లోతుల్నీ. అంటే శరీరాన్ని.

రెండో రకం కమిటీ వెనక రాజస్థాన్‌లో భటేరీ అనే ఊళ్ళో పనిచేసిన భన్వరీ దేవి ఉంది. ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. తన పనిలో భాగంగా ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో అగ్రకులాల మగవాళ్ళు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు వాళ్ళని అత్యాచార నేరం నుంచి వదిలేసింది. ఆ అన్యాయం మీద స్త్రీల సంఘాలు పోరాడితే 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది. దాని తర్వాత పదహారేళ్ళకి 2013 చట్టం. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది లోపైతే, లేదా యజమానే నిందితుడైతే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి చెప్పుకోవాలి.

ఈ చట్టం మనసుని పూర్తిగా మర్చిపోయిందని అనలేం. ఆరోగ్యం మీదా భద్రత మీదా ప్రభావం చూపేలా అవమానించడాన్ని మూడో సెక్షన్ పేర్కొంటుంది. పరిహారం నిర్ణయించేటప్పుడు ఆమె పడ్డ మానసిక క్షోభని లెక్కలోకి తీసుకోమని పదిహేనో సెక్షన్ చెప్తుంది. అయితే ఇవన్నీ లైంగిక వేధింపు అనే గుమ్మం దాటి లోపలికి వచ్చినవాళ్ళకే. ఆ గుమ్మం బయట రోజూ అవమానపడేవాళ్ళు ఎటు పోవాలి? ఒక కమిటీ శరీరానికి దెబ్బ తగిలిందా అని అడుగుతుంది. ఇంకో కమిటీ చెయ్యి వేశాడా అని అడుగుతుంది. మా కాలేజీ ఆపరేటర్ ఈ రెండింటి మధ్య సందులో పడిపోయింది.

*

ఆ సంతకం పెట్టిన కొద్ది రోజులకి సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళాను. మాది సఖినేటిపల్లి. నరసాపురంలో రైలు దిగి, వశిష్ఠ గోదావరి మీద పంటు ఎక్కి, అవతలి రేవులో దిగితే మా ఊరు. పండగ రద్దీలో మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి నది దాటుతున్నంతసేపూ ఆమె మొహం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. కాయితాలు పట్టుకున్న చేతులే గుర్తొచ్చాయి. ఆ రోజు నేను ఆమె మొహంలోకి చూడనే లేదన్నమాట.

రాత్రి అమ్మకి చెప్పాను. అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. అంతా విని ఒకటే అడిగింది.

"ఆ పిల్లకి ఒంట్లో బాలేదని రాశారా, అక్కడ పని బాలేదని రాశారా?"

నేను మాట్లాడలేదు. అమ్మ కూడా ఇంకేం అనకుండా పడుకుంది.

అమ్మ ఆ ప్రశ్న ఎలా అడగగలిగిందో తర్వాత అర్థమైంది. అమ్మ ఇరవై ఏళ్ళు లేసు అల్లింది. నరసాపురం లేసు పేరు మీరు వినే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు, క్రైస్తవం తీసుకున్న పేద కుటుంబాల స్త్రీలకి నేర్పిన పని అది. తర్వాత గోదావరికి ఇటూ అటూ ఊళ్ళల్లో వేల ఇళ్ళకి పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకమే రాసింది. ఈ స్త్రీలు ప్రపంచ మార్కెట్టు కోసం రోజుకి గంటల తరబడి పనిచేస్తున్నా, వాళ్ళని కార్మికులని ఎవరూ అనరు, వాళ్ళూ అనుకోరు, ఇంట్లో తీరిగ్గా కూర్చున్న గృహిణులు కాలక్షేపానికి చేసుకునే పని అంటారు, ఆ మాట చాటునే కూలి అంత తక్కువగా ఉంటుంది అని ఆమె చూపించింది. ఆ పుస్తకం ఎం.ఏ.లో చదివినప్పుడు మా అమ్మ గురించి ఎవరో విదేశీయురాలు నాకు చెప్తున్నట్టు సిగ్గేసింది.

పనే కాని పనికి పనిచోటు ఎక్కడుంటుంది? పనిచోటే లేకపోతే కమిటీ ఎక్కడుంటుంది? అయినా అమ్మకి పనిలో భయం ఉండేది. ఏజెంటు వారానికొకసారి మోపెడ్ మీద వచ్చేవాడు. అల్లిన ముక్కల్ని అటూ ఇటూ లాగి చూసేవాడు. "వదులుగా ఉంది", "మురికైంది" అని కూలి కోసేవాడు. నచ్చకపోతే ఒళ్ళోకి విసిరేసేవాడు. అమ్మ "ఆయ్, అలాగేనండీ" అనేది. మోపెడ్ చప్పుడు వీధి మలుపులో వినపడగానే అమ్మ చేతులు చల్లబడేవి. నన్ను పట్టుకుని ఉంటే నాకు తెలిసేది.

ఒకసారి పక్కింటి పెద్దమ్మతో గొడవై కూలిలో బాగా కోసుకుపోయాడు. ఆ తర్వాత మా అరుగు మీద కూర్చుని అల్లే అయిదారుగురు ఒక మాట అనుకున్నారు. ఇక మీదట ఎవరూ ఒంటరిగా తమ ఇంటి దగ్గర ముక్కలు ఇవ్వకూడదు. అతను మా అరుగు దగ్గరికే రావాలి, అందరి ముందూ లెక్కపెట్టాలి, కోత ఎందుకో అందరికీ వినపడేలా చెప్పాలి. అతను కొన్ని వారాలు సణిగాడు. తర్వాత అలవాటు పడ్డాడు. విసిరెయ్యడం ఆగిపోయింది. కూలి పెరగలేదు గానీ అమ్మ చేతులు చల్లబడడం తగ్గింది.

ఆ అరుగు మీద ఎవరూ అమ్మతో "నువ్వు ధైర్యంగా ఉండాలి" అనలేదు. "నీకు భయం ఎక్కువ" అనలేదు. భయం పుట్టే చోటు ఏదో చూసి దాన్ని మార్చారు. ఒక భద్రతా కమిటీ చెయ్యవలసిన పని ఇంతకంటే బాగా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అలా అని ఆ అరుగుని ఆకాశానికెత్తి వదిలెయ్యలేను. కాలవ అవతల పేటలో కూడా లేసు అల్లే స్త్రీలుండేవారు. వాళ్ళు కాలవ గట్టు మీద నిలబడి ఒంటరిగానే ఏజెంటుకి ముక్కలు ఇచ్చేవారు. వాళ్ళు మా అరుగు ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ పిలవలేదు. మా దగ్గర తగ్గిన అతని నోరు అక్కడికెళ్ళి తీర్చుకుని ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. చిన్నప్పుడు నాకది ప్రశ్నగా కూడా తట్టలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివాకే, స్త్రీలందరం ఒకటే అన్న మాటలో ఎవరు లోపల కూర్చున్నారు, ఎవరు గట్టు మీద నిలబడ్డారు అని చూడడం మొదలుపెట్టాను. అమ్మని అడిగితే "అప్పట్లో అలా ఉండేదే" అని ఊరుకుంది. మా కాలేజీ కమిటీలో అయిదుగురం ఉన్నాం. ముగ్గురం స్త్రీలం. చట్టానికి సరిపోయింది. కానీ ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసేవాళ్ళెవరూ అందులో లేరు. దళిత స్త్రీ ఒక్కరూ లేరు. ఆమె కూడా ఒకరకంగా గట్టు మీద నిలబడే తన కాయితాలు మాకిచ్చింది.

*

మా కోనసీమకి భద్రత అన్న మాట కొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళ లెక్క, కాలినవాళ్ళ లెక్క పేపర్లలో వచ్చాయి. ఆ తర్వాత నెలల తరబడి చిన్న వాసన వస్తే లేచి కూర్చున్నవాళ్ళ లెక్క నేనెక్కడా చదవలేదు. మనకి భద్రత అంటే శరీరం. మనసుకి తగిలిన దెబ్బ ఎవరిది వాళ్ళ సొంత వ్యవహారం.

శరీరం విషయంలో మనం ఒక నీతిని ఒప్పుకున్నాం. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఇరవై ఒకటో సెక్షన్ యంత్రాలకి కంచె వెయ్యాలని చెప్పింది. తిరిగే చక్రంలో వేలు తెగితే "నువ్వు జాగ్రత్తగా ఉండాల్సింది" అని కార్మికుడికి క్లాసు పీకి వదిలెయ్యడం తప్పని ఒప్పుకున్నాం. ముందు ప్రమాదాన్ని తీసెయ్యాలి. తియ్యలేకపోతే అడ్డు కట్టాలి. ముసుగులూ తొడుగులూ అన్నిటికంటే చివర. మనసు దగ్గరికొచ్చేసరికి ఈ వరస తలకిందులవుతుంది. చక్రం అలాగే తిరుగుతూ ఉంటుంది. కార్మికురాలికి మాత్రం ధ్యానం తరగతి, యోగా దినం, కౌన్సెలర్ ఫోన్ నంబరు ఇస్తాం. కౌన్సెలింగ్ చెడ్డదని నేననడం లేదు. దెబ్బ తగిలినవాళ్ళకి మందు కావాలి. కానీ మందిచ్చాం కదా అని కంచె వెయ్యడం మానేస్తే అది మోసం.

ఈ మాట నేనొక్కదాన్నే అనడం లేదు. కెనడా 2013లో పనిచోట మానసిక ఆరోగ్యం, భద్రతల మీద ఒక జాతీయ ప్రమాణం తెచ్చింది. 2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 45003 పేరుతో అలాంటిదే తెచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పనిభారం, పని మీద అదుపు, వేధింపుల వంటి వాటిని సంస్థే సరిచెయ్యాలంటాయి. ఇక 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 190వ ఒడంబడిక, పని ప్రపంచంలో హింస అంటే మానసిక హాని కూడా అని చెప్పింది. కాంట్రాక్టు ఎలాంటిదైనా అందరికీ వర్తిస్తుందంది. పనికి సంబంధించిన ఫోన్లూ మెసేజీలూ కూడా పనిచోటు కిందికే వస్తాయంది. రాత్రి పదింటికి మోగిన ఆ ఫోనుకి అక్కడ పేరు దొరికింది. వీటిలో చాలా భాగం ఇష్టమైతే పాటించేవే. అయినా భాష అంటూ ఒకటి ఉంటే, కనీసం మా రెండో వాక్యం లాంటిది రాయడానికి చెయ్యి తడబడుతుంది.

*

ఈ సంగతులు స్నేహితులతో మాట్లాడినప్పుడు కొన్ని అభ్యంతరాలు వచ్చాయి. వాటిని తేలిగ్గా తీసెయ్యలేను.

మొదటిది, మన సమాజంలో ఆడదాని మనసు గురించి కమిటీలో రాయడం ఎంత ప్రమాదం! "పిచ్చి" అనే ముద్ర స్త్రీల నోరు మూయించడానికి ఎన్ని ఇళ్ళల్లో, ఎన్ని కోర్టుల్లో వాడారో మనకి తెలుసు. గుండె దడ వస్తోందని రాసిన కాయితం రేపు ఆమెకే ఎదురు తిరగదా? నిజమే. అందుకే కమిటీ ఆమె మనసులోకి తొంగిచూడక్కర్లేదంటాను. "నీకేమైంది?" అన్నది కమిటీ ప్రశ్న కాకూడదు. "ఇక్కడ ఏం జరుగుతోంది?" అన్నది కావాలి. ఒక విభాగం నుంచి రెండేళ్ళలో ఎంతమంది మానేశారు? ఎవరి సెలవులు తిరస్కరిస్తున్నారు? పనివేళలు దాటాక ఎవరు ఎవరికి ఫోన్లు చేస్తున్నారు? ఈ లెక్కలకి ఎవరి మనసూ విప్పక్కర్లేదు. హాజరు రిజిస్టరు విప్పితే చాలు. మేం ఆ రోజు విప్పి ఉంటే, ఆ అధికారి కింద అంతకుముందు ఇద్దరు ఆపరేటర్లు మానేసిన సంగతి కనబడేది. అది నాకు తర్వాత తెలిసింది.

రెండోది, ప్రతి కటువైన మాటా హింసేనా? పని చెయ్యకపోతే అడగకూడదా? అడగాలి. ఆరోపణ ఎదుర్కొనే మనిషి మాటా వినాలి. పని బాగాలేదని చెప్పడం వేరు, మనిషిని నేల మీద ఏరుకునేలా చెయ్యడం వేరు. ఈ తేడా పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు. ఒకరోజు కోపం వేరు, ఏడాదిపాటు నడిచిన పద్ధతి వేరు. విచారణ ఉన్నది ఈ తేడా తేల్చడానికే. మేం విచారణే చెయ్యలేదు.

మూడోదే నాకు అన్నిటికంటే కష్టమైనది. కమిటీ సభ్యులకి కూడా జీతం ఇచ్చేది ఆ చెయ్యే కదా? నా కాంట్రాక్టు ఏటేటా మే నెలలో పొడిగించేవారు. ఆ కాగితం మీద అభిప్రాయం రాసేవాళ్ళలో ఆ అధికారి కూడా ఒకడు. సంతకం పెడుతున్నప్పుడు నాకది గుర్తుంది. నేనూ భయపడ్డాను. భయపడేవాళ్ళని కాపాడే పని భయపడేవాళ్ళకే అప్పగిస్తే ఏమవుతుందో నా సంతకమే సాక్ష్యం. కమిటీ సభ్యులు ఎన్నికై రావాలి, వాళ్ళ ఉద్యోగానికి రక్షణ ఉండాలి, బయటి సభ్యురాలు పేరుకి కాక నిజంగా బయటి మనిషి కావాలి అని ఇప్పుడు గట్టిగా అనగలను. విచారణ జరుగుతుండగా ఆమెని గానీ అతన్ని గానీ వేరేచోటికి మార్చమని సిఫారసు చేసే వీలు లైంగిక వేధింపుల చట్టంలో ఉంది. అలాంటిది ఇక్కడా ఉండాలి. మార్చవలసి వస్తే ముందు అధికారం ఉన్నవాణ్ణి మార్చాలి.

అయితే ఇవన్నీ లేవు కాబట్టి నా తప్పు లేదని అనగలనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. నేను కూడా బాధితురాలినే అనుకోవడంలో ఒక సుఖం ఉంది. మన స్త్రీవాద చర్చల్లో వ్యవస్థ అనే మాట ఎంతో వెలుగునిచ్చింది. ఒక్కోసారి దాని వెనక దాక్కోవడానికి కూడా పనికొచ్చింది. నా భయం నిజం. దానివల్ల నేను మొత్తం నివేదికని ఆపలేకపోయి ఉండొచ్చు. కానీ రెండో వాక్యం రాయొద్దనడానికి అంత ధైర్యం అక్కర్లేదు. "ఇది మా పరిధి కాదు, కానీ ఆమె చెప్పినవి విచారించాల్సినవే" అని రాయమని అడగడానికి ఎంత కావాలి? భయం నన్ను ఎంతవరకు ఆపిందో, అంతకంటే చాలా ముందే నేను ఆగిపోయాను. భయపడినవాళ్ళకి ఎంత బాధ్యత ఉంటుందనేది పెద్ద తాత్విక ప్రశ్నే. నాకు దొరికిన జవాబు మాత్రం చిన్నది. భయం ఒప్పుకున్నంత మేరా క్షమించుకోవచ్చు. ఆపైన మిగిలింది మనదే.

*

కమిటీలు లేనిచోట ఏం జరుగుతుందో కూడా చూశాం. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ వర్కర్లూ ఆయాలూ సమ్మె చేశారు. మధ్యలో ఎస్మా ప్రయోగించినా నలభై రోజులు దాటి రోడ్ల మీదే కూర్చున్నారు. వాళ్ళు అడిగింది జీతం, గ్రాట్యుటీ. కానీ ఆ టెంట్లలో కూర్చుని వాళ్ళు చెప్పుకున్నవి వింటే, అందులో అవమానాలే ఎక్కువ. వాళ్ళలో ఒక్కొక్కరిదీ ఒక గది, ఇద్దరు మనుషులు ఉండే పనిచోటు. భన్వరీ దేవిలాగే ఊరే వాళ్ళ ఆఫీసు. జిల్లా స్థాయి కమిటీకి చెప్పుకోవాలంటే మా సఖినేటిపల్లి మనిషి ఒకప్పుడు కాకినాడ దాకా పోవాలి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా వచ్చాక అమలాపురం. దూరం తగ్గింది. అక్కడికెళ్ళి ఏ ప్రశ్న ఎదుర్కోవాలన్నది మారిందా అన్నదే నా అనుమానం.

ఆపరేటర్‌గా చేసిన ఆమె ఫోను నంబరు సంపాదించి మాట్లాడడానికి నాకు అయిదు నెలలు పట్టింది. అప్పటికే, ఆ రెండో వాక్యాన్ని రికార్డులోంచి తొలగించాలని కోరుతూ కమిటీకి ఒక ఉత్తరం రాశాను. నా కాంట్రాక్టు ఎలాగూ పొడిగించరని తెలిశాక రాశాను కాబట్టి దాన్ని ధైర్యం అనను. జవాబు రాలేదు. ఆమెకి ఆ సంగతి చెప్పి, క్షమించమన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "తీస్తే తీయనివ్వండి మేడమ్. నేను మీ అందర్లో మిమ్మల్నే చూస్తూ చెప్పాను ఆ రోజు. మీరు కాయితాలే చూశారు."

ఇప్పుడు పనిచేసే చోట కూడా నన్ను కమిటీలో వేశారు. మొదటి సమావేశంలో, స్వీపర్లూ అటెండర్ల తరఫున ఒకామె మాతో కూర్చోవాలని అడిగాను. చూద్దామన్నారు. రెండో సమావేశంలో మళ్ళీ అడిగాను. ఫిర్యాదు రాకముందే ఏడాదికి రెండుసార్లు విభాగాల వారీగా మానేసినవాళ్ళ లెక్క తెప్పించాలన్నాను. అది మన పని కాదన్నారు ఒకరు. మరి ఎవరి పని అన్నాను. ఆ ప్రశ్న మినిట్సులో రాయించాను. మూడో సమావేశం వచ్చే నెల.